బుధవారం సంచులు

నిర్మల పుట్టిన ఊరు నల్లమాడ దగ్గర. అక్కడ వాన పడితే చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండుతుంది, పడకపోతే ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి. అందుకే పెండ్లయి పెనుకొండ పక్క పల్లెకు కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు ముందు నచ్చింది మొగుడు కాదు, అత్తగారి చేనులోని బావి. ఈ మాట మొగుడి ముందరే చెప్పి నవ్వేది. ఏసుదాసు కూడా నవ్వేవాడు. అతను రైల్వేలో గ్యాంగ్‌మన్. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. చేను సంగతి అతనికి పట్టేది కాదు.

నిజానికి దాన్ని చేను అనడం కూడా ఎక్కువే. అత్త ఆదెమ్మ పేర సర్కారు ఎప్పుడో పట్టా ఇచ్చిన గుట్టవార భూమి, రెండెకరాలు, అందులో సగం రాళ్లు. నిర్మల పగలంతా ఊరి పెద్దరైతు ఈరన్న పొలంలో కూలికి పోయేది. కూలి దిగినాక అత్తతో కలిసి తమ భూమిలో రాళ్లు ఏరేది. ఏరిన రాళ్లతోనే చుట్టూ నడుమెత్తు గోడ లేచింది. కొన్నేండ్లకు బావి చుట్టూ వంకాయ, మిరప, బెండ, టమేటా మళ్లు వచ్చాయి. గట్ల మీద చిక్కుడు జాతి అనప తీగలు, గోడ మీదకు బీర, సొర పాదులు పాకాయి. ఏసుదాసు జీతం మీద లోను తీసి ఒక ఆయిలు ఇంజను కొనిచ్చాడు. చేనుకు అతను చేసిన మేలు అదొక్కటే. కానీ ఆ ఒక్కటీ చిన్నది కాదు.

పండించడం నిర్మలకు బాగా చేతనయింది. అమ్ముకోవడమే చేతకాలేదు.

తొంభై ఆరులో టమేటా విరగకాసింది. ఆమెకొక్కదానికే కాదు, చుట్టుపక్కల అందరికీ. రెండు గంపలు రైలెక్కించి హిందూపురం మండీకి తీసుకుపోతే అక్కడి మనిషి గంపల వైపు కూడా చూడలేదు. "ఈడ దించొద్దమ్మా. చూస్తాండావు గదా, కాలు పెట్టే చోటు లేదు" అన్నాడు. మండీ వెనక ఆవులు టమేటాలు తిని తిని మొహం మొత్తి ఊరికే నిలబడి ఉన్నాయి. నిర్మల ఆ గంపలను మళ్లీ రైలెక్కించుకుని పెనుకొండలో దిగింది. ఊరిదాకా మోసుకుపోయి మాత్రం ఏం చేయాలని, ప్లాట్‌ఫారం చివర మేస్తున్న మేకల ముందు గంప వంచబోయింది.

"ఆగమ్మా, ఆగు! బంగారమట్లాటి కాయలు, యాల పారేస్తాండావు?"

అడిగింది మాధవీలత. పెనుకొండ ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. ఉండేది హిందూపురంలో. రోజూ రైల్లో వచ్చిపోతుంది కాబట్టి సాయంత్రం బండి కోసం తోటి టీచర్లిద్దరితో అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది.

"పారేయక ఏం చేయల్ల టీచరమ్మా? హిందూపురం దాకా పోతి. మండీలో దించనియ్యలేదు."

మాధవీలత లేచి వచ్చి ఒక కాయ తీసుకుని, కొంగుతో తుడిచి, అక్కడే నిలబడి కొరికింది. "మా ఊరికే వచ్చి మా వీధికి రాకుండా పోతివా? మేము తినే టమేటాలు చూస్తే ఏడుస్తావు. పచ్చివి కోసి మాగేసినవి" అంటూ తన టిఫిను సంచి ఖాళీ చేసి నింపుకుంది. ఆ ఇద్దరు టీచర్లూ చేటంత చేతిరుమాళ్లు పరిచారు. ఒక గంప అక్కడే సగమయింది.

రైలు రావడానికి ఇంకా వేళ ఉంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. అంటే మాధవీలత బెంచీ మీద, నిర్మల కింద గంప పక్కన. "వారానికి ఒకతూరి, బుధవారం, ఇట్లనే స్టేషనుకి తెచ్చియ్యగలవా? మేము ఎట్లాగూ రైలెక్కుతాం. మోసుకుని పోతాం" అని అడిగింది మాధవీలత.

నిర్మల వెంటనే సరే అనలేదు. గంపలోని కాయల్ని అటూ ఇటూ సర్దుతూ ఆలోచించింది. "తెస్తా గానీ, ఒక మాట టీచరమ్మా. నా చేన్లో ఏది కాస్తే అదే తెస్తా. మీరు క్యాబేజీ కావల్లంటే నా చేత కాదు. వంకాయ కాసినన్నాళ్లు వంకాయే. విసుక్కోగూడదు."

"విసుక్కోం. మా మాట గూడా ఒకటుంది. నెల మొదట్లోనే ఇచ్చేస్తాం, పేపరు అబ్బాయికి ఇచ్చినట్ల. ఎక్కువ కాసినా తక్కువ కాసినా అంతే. చందా అనుకో."

ఆ రాత్రి అన్నాల దగ్గర నిర్మల ఈ సంగతి చెబితే ఏసుదాసు చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని చూశాడు. "చందాలు మనం ఇచ్చేది గదమ్మే, చర్చికి! మనకిచ్చేటోళ్లు గూడా ఉండారా?"

"ఉండారంట. బుధవారం తెలుస్తాది."

బుధవారం నుంచి బుధవారానికి నిర్మల వారం మారిపోయింది. మంగళవారం సాయంత్రం అత్తాకోడళ్లు కోత మొదలుపెట్టేవాళ్లు. తీగకాయలు ముందు, ఆకుకూరలు బుధవారం మధ్యాహ్నం ఆఖరున. ఒక్కో ఇంటివాళ్లు రెండేసి గుడ్డసంచులు ఇచ్చారు. ఒకటి నిండుగా పోతే ఇంకొకటి ఖాళీగా వచ్చేది. ఏ సంచి ఎవరిదో తెలియడానికి నిర్మల దర్జీ దగ్గర రంగురంగుల గుడ్డపీలికలు అడిగి తెచ్చి పిడికి కుట్టింది. మాధవీలతది నెమలికంఠం రంగు. లెక్కల టీచరుది ఎరుపు. సంచి అడుగున గట్టికాయలు, పైన మెత్తనివి, అన్నిటి మీదా తడిగుడ్డలో చుట్టిన కొత్తిమీరో, మెంతాకో. సంచి విప్పగానే వాసన రావాలని ఆమె పట్టుదల.

టీచర్ల ఇండ్ల నుంచి వాళ్ల పక్కిండ్లకు, పక్కిండ్ల నుంచి వీధి చివరికి ఈ సంగతి పాకింది. ఏడాది తిరిగేసరికి టీచర్ల చేతులు చాలలేదు. నిర్మలే పొద్దుటి ప్యాసింజరులో హిందూపురం పోయి ఇంటింటికీ ఇచ్చిరావడం మొదలుపెట్టింది. ఈరన్న పొలంలో కూలికి పోవడం మానేసింది. "ఏమి నిర్మలా, పెద్ద యాపారస్తురాలు అయిపోతివే" అని ఈరన్న దారిలో కనిపించినప్పుడు అనేవాడు. అందులో ఎకసెక్కం ఎంతో, నిజం ఎంతో ఆమెకు తెలిసేది కాదు. తల వంచుకుని నవ్వి సాగిపోయేది.

అన్ని గుమ్మాలూ ఒకటి కాదని ఆమెకు తొందర్లోనే అర్థమయింది. కొన్ని ఇండ్లలో సంచి మెట్టు మీద పెట్టి పిలిచి, దూరంగా నిలబడాలి. కొన్ని ఇండ్లలో వంటింటి దాకా రమ్మంటారు. ఎవరూ నోరు తెరిచి ఏ కులమని అడగలేదు గానీ, మెడలోని చిన్న సిలువ చూసి ఎవరికి వాళ్లు లెక్క వేసుకునేవాళ్లు. నిర్మల కూడా తన లెక్క తాను వేసుకునేది. ఏ గుమ్మం ముందు ఎక్కడ ఆగాలో ఆమె కాళ్లకే తెలిసిపోయింది.

ఆ వీధిలో అందరికంటే కష్టమైన మనిషి గంగాధరప్ప. రిటైరైన పోస్టుమాస్టరు, భార్య పోయాక తన వంట తానే చేసుకునేవాడు. కన్నడం, తెలుగు కలిపి తిట్టేవాడు. బుధవారం గేటు దగ్గరే నిలబడి సంచి అందుకుని అక్కడికక్కడే విప్పేవాడు.

"ఇదేందమ్మా, మళ్లా అనపకాయలేనా? పోయిన వారం ఇవే, అంతకు ముందు వారం ఇవే. సాకమ్మా, సాకు! చాలు!"

"చలికాలం గదా సార్. ఇప్పుడు అనపే కాస్తాది."

"కాస్తే? నేనొక్కణ్ణి కూర్చోని ఇవన్నీ ఎప్పుడు ఒలిచేది, ఎప్పుడు నానబెట్టి పితికేది?"

"పితికిపప్పు చేసుకోవల్లంటే పితకాల్సిందే సార్."

ఇంకోసారి వంకాయలో పురుగు వచ్చిందని మరుసటి బుధవారం దాకా దాన్ని కాగితంలో చుట్టి దాచిపెట్టి చూపించాడు. నిర్మల ఆ కాగితం విప్పి చూసి, "వేపగింజల నీళ్లు తప్ప ఏమీ కొట్టలేదు సార్. ఒక్కో కాయలో అది గూడా ఉంటాది. కోసి పారేసి మిగిలింది వండుకోండి" అంది. ఆయన గొణుక్కుంటూ లోపలికి పోయాడు. మానేస్తాడేమో అనుకుంది. నెల మొదటి బుధవారం చందా అందరికంటే ముందు ఆయనే ఇచ్చాడు.

అట్లా అయిదేండ్లు గడిచాయి. నిర్మల ఇంటికి పైకప్పు మారింది. ఆదెమ్మ కళ్లకు ఆపరేషను అయింది. తర్వాత ఆ కరువు వచ్చింది.

రెండువేల ఒకటిలో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడు అసలే లేవు. చుట్టూ రైతులు బోర్ల మీద బోర్లు వేశారు. కొందరికి నీళ్లు పడ్డాయి, శానామందికి దుమ్మే లేచింది. నిర్మల బావిలో నీళ్లు ఒక్కో మెట్టూ దిగుతూ పోయాయి. ఇంజను గంట ఆడేది అరగంటకు వచ్చింది, ఆ తర్వాత ఉత్త గాలి మింగి ఎగపోయసాగింది. మళ్లు ఒక్కొక్కటిగా వదిలేస్తూ వచ్చారు. ముందు టమేటా, ఆ తర్వాత బెండ. బీరపాదు గోడ మీదే ఎండి తాళ్లయింది. సంచులు సగానికి వచ్చాయి. హిందూపురంలో ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు గానీ, సంచి అందుకునేటప్పుడు చేయి బరువు చూసి మొహాలు మారడం ఆమె చూసింది.

వేసవి మొదట్లో ఒక పొద్దున చేనంతా తిరిగితే ఒక్క సంచికి సరిపడా కాయలు కూడా దొరకలేదు. ఏసుదాసు ఆ రోజు సెలవులో ఉన్నాడు. బావి గట్టు మీద కూర్చుని ఒక ఉపాయం చెప్పాడు.

"హిందూపురంలో రైలు దిగి నేరుగా మండీకి పో. ఆడ నాలుగు రకాలు కొని సంచుల్లో నింపు. వాన పడేదాకా అట్ల లాగు. వాళ్లకి కూరగాయలే గదా కావాల్సింది, యాడివైతేనేం?"

నిర్మల బావిలోకి తొంగి చూసింది. నెల మధ్యలో ఉన్నారు. చందా తీసుకుంది కూడా. మొగుడు చెప్పింది ఉత్త అన్యాయమని కూడా అనిపించలేదు, ఎందుకంటే అతను తనమీది బెంగతోనే చెప్పాడు. "మండీ సరుకు వాళ్లు నడుచుకుంటా పోయి తెచ్చుకుంటారు. దానికి నేనెందుకు?" అంది చివరికి.

బుధవారం ఖాళీ సంచులన్నీ ఉతికి, మడిచి, ఒక మూటగా కట్టుకుని హిందూపురం పోయింది. గుమ్మం గుమ్మానికీ సంచి, నెలలో మిగిలిన వారాల డబ్బూ తిరిగి ఇచ్చేస్తూ, "బావి ఎండిపోయిందమ్మా. ఇంక తేలేను" అని చెప్పుకుంటూ వచ్చింది. కొందరు అయ్యో అన్నారు. ఒకామె డబ్బు తీసుకోనంటే బతిమాలి చేతిలో పెట్టింది. మరొకామె సంచీ డబ్బూ అందుకుని తలుపేసుకుంది. మాధవీలత ఇంట్లో లేదు, స్కూలుకు పోయింది. సంచి వాళ్ల అత్తగారికి ఇచ్చింది. ఎండ నడినెత్తికొచ్చే వేళకు మూటలో ఒకే సంచి మిగిలింది. అది గంగాధరప్పది.

ఆయన సంచి అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మామూలుగా వచ్చే తిట్లు రాలేదు. "బావి ఎండిపాయనా?" అన్నాడు.

"ఎండిపాయ సార్."

"మరి మీరేం తింటాండారు ఇంట్లో?"

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు ఆ పొద్దంతా. నిర్మల కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏముండాది సార్, సంగటి. ఉలవచారు. గుట్ట మీద చింతచిగురు వచ్చింది. పోయినేడు ఎండబెట్టి పెట్టిన మటిక్కాయ, అదే గోరుచిక్కుడు, వరుగులుండాయి. బావి అడుగు చెమ్మలో పొన్నగంటాకు కొంచెం దొరుకుతాది, మా అత్త పోయి గిల్లుకొస్తాది."

"చింతచిగురు తిని నాకు ఎన్నేండ్లాయనో. నా పెండ్లాం ఉన్నప్పుడు పప్పులోకి వేసేది." ఆయన సంచి మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు. "ఏది కాస్తే అదే తెస్తానంటివి గదా మొదట్లో? గుట్ట మీద కాసింది అదైతే అదే తీసుకురా. ఉత్త పల్లెదానివి, నీకు తెలీదు. ఈ వీధిలో అడిగిచూడు, ఎంతమంది ఎగబడతారో."

అందరూ ఎగబడలేదు. సగానికి పైగా ఇండ్లు మానేశాయి. కానీ మిగిలిన ఇండ్లకు ఆ కరువు రెండేండ్లూ నిర్మల చింతచిగురు, వరుగులు, ఉలవలు, మజ్జిగలో ఊరిన మిరపకాయలు, వానచినుకు పడ్డ నాలుగు రోజులు గురుగాకు, చెంచలాకు తీసుకుపోయింది. ఆకులు ఏరడంలో ఆదెమ్మ ముందుండేది. ఆపరేషనయిన కళ్లు పనికొచ్చాయని మురిసిపోయేది. సంచి చిన్నదయినందుకు చందా కూడా తగ్గించమని నిర్మలే అడిగింది. మాధవీలత ఒప్పుకోలేదు. "అట్ల తగ్గిస్తే అది చందా ఎట్లయితాది నిర్మలా? బేరమయితాది" అంది.

ఆ రోజుల్లోనే ఒకనాటి సాయంత్రం ఈరన్న ఆమె ఇంటికి వచ్చాడు. ఇంటికి అంటే వాకిట్లోకి. ఈరన్న తండ్రులు, తాతలు ఎవరూ ఆ వీధిలో అడుగుపెట్టి ఎరగరు. నిర్మల చేతిలో చేట కింద పడేసి లేచి నిలబడింది. ఆదెమ్మ మంచం వాల్చబోతే వద్దన్నాడు. నిలబడే మాట్లాడాడు.

అతని బోర్లలో ఒకదానికి నీళ్లు పడ్డాయి. చెనిక్కాయ రెండేండ్లుగా ముంచుతోందని ఈసారి రెండెకరాలు వంకాయ, బెండ పెట్టాడు. కాపు బాగుంది. మండీలో దళారి మాత్రం అతనికి కూడా ఒకప్పుడు నిర్మలకు చెప్పిన మాటే చెప్పాడు.

"నీకు ఇండ్లుండాయి, నీళ్లు లేవు. నాకాడ నీళ్లుండాయి" అన్నాడు ఈరన్న, ఆమె మొహం చూడకుండా గోడ వైపు చూస్తూ. "నా కాయలు నీ సంచుల్లో పెడతావా?"

నిర్మలకు ఒక్క క్షణం నవ్వొచ్చినంత పనయింది. పదేండ్లు ఆమె ఆ మనిషి పొలంలో నడుం వంచింది. పొద్దు కుంకేవేళ కూలి అడగాలంటే జంకేది. ఇప్పుడతను అడుగుతున్నాడు. నవ్వు రాలేదు. అడగడానికి అతను ఎంత దూరం నడిచి వచ్చాడో ఆమెకు తెలుసు.

"పెడతానన్నా. రెండు మాటలుండాయి. ఇవి ఈరన్న చేన్లోవి అని నేను ప్రతి ఇంట్లో చెప్తా. ఇంకోటి, మందు కొట్టినంక వారం దాటేదాకా కోయగూడదు."

"వారమా! వారానికి కాయ ముదిరిపోతాది."

"అయితే కొట్టొద్దు. వేపగింజలు నేను దంచిస్తా."

ఈరన్న సరే అన్నాడు. మొదటి రెండు వారాలు బాగా గడిచాయి. సంచులు మళ్లీ నిండాయి, మానేసిన ఇండ్లలో కొన్ని తిరిగి వచ్చాయి. మూడో వారం మంగళవారం అతని మనిషి తెచ్చి దించిన వంకాయలు నిగనిగలాడుతున్నాయి. నిర్మల ఒకటి చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. అదే పొలంలో ఆ మందు కలిపి, ఆ కాయలు కోసి, చేతులు మండి, రాత్రి ముద్ద నోట్లో పెట్టుకోలేక లేచిన రోజులున్నాయి.

గంపలు అట్లాగే ఈరన్న వాకిటికి మోయించుకుపోయింది.

"ఇవి నేను తీసుకుపోనన్నా."

"ఏమి, పురుగుందా? ఒక్క పురుగు చూపియ్యి చూద్దాం."

"పురుగు లేదు గాబట్టే."

ఈరన్న మొహం ఎర్రబడింది. చుట్టూ ఇంటివాళ్లున్నారు, పనివాళ్లున్నారు. "నా చేన్లో ఏం కొట్టాల్నో నువ్వు చెప్తావా నాకు? నిన్నమొన్నటిదాకా నా మళ్లలో కలుపు తీస్తాంటివి!"

"తీస్తాంటి గాబట్టే తెల్సన్నా" అంది నిర్మల. గంపలు అక్కడే వదిలి వచ్చేసింది. ఆ బుధవారం సంచులు మళ్లీ సగమే పోయాయి. మానేసి తిరిగొచ్చినవాళ్లు ఇంక శాశ్వతంగా పోయినట్టేనని ఆమె అనుకుంది. దారి పొడుగునా బాధపడింది. చేసింది తప్పని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

ఈరన్న నుంచి వారం పైగా ఏ కబురూ లేదు. ఆ తర్వాత ఒక బుధవారం పొద్దున పెనుకొండ స్టేషనుకు పోయేసరికి అతను ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. ఇస్త్రీ పంచె, పక్కన రెండు గంపలు. కాయలు చిన్నవి, రెండు మూడింటి మీద పురుగు చేసిన బెజ్జాలు కూడా ఉన్నాయి.

"నేనూ వస్తాండా" అన్నాడు. "యాడికి పోతాయో, ఎవరు తింటారో చూస్తా."

హిందూపురంలో దిగాక చెరొక మోత ఎత్తుకున్నారు. జీవితంలో ఎప్పుడూ తన సరుకు తాను మోయని మనిషి, మూడో వీధికే చెమటలు కక్కాడు. గుమ్మం గుమ్మం దగ్గరా నిర్మల, "ఈయనే ఈరన్న. ఈ వంకాయలు ఈయన చేన్లోవి" అని చెబుతూ పోయింది. ఒకామె అతన్ని ఆపి పోయిన నెల బెండకాయలు ఎంత లేతగా ఉన్నాయో చెప్పింది. ఒక పిల్లవాడికి జ్వరం వచ్చి తగ్గాక మొదట అడిగింది ఈ వంకాయ కూరేనని ఇంకొకామె చెప్పింది. ఈరన్న తల ఆడించాడు. ముప్పై ఏండ్లుగా పంట మండీలో దించి చీటీ తీసుకుని వచ్చేవాడే గానీ, దాన్ని తిన్నవాళ్ల మొహం అతను ఎప్పుడూ చూసింది లేదు.

గంగాధరప్ప గేటు దగ్గర మామూలు తంతే జరిగింది. ఆయన వంకాయ పైకెత్తి బెజ్జం చూపించాడు. "ఏమప్పా, నువ్వేనా దీని యజమాని? ఇందులో అద్దెకుండేటోడికి గూడా నేనే అన్నం పెట్టల్లా?"

ఈరన్న బిత్తరపోయి నిర్మల వైపు చూశాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అప్పుడతనికి కూడా నవ్వు వచ్చింది. "మందు కొడితే ఈయమ్మ ఒప్పుకోలేదు సార్" అన్నాడు.

గంగాధరప్ప ఇద్దర్నీ లోపలికి పిలిచి వసారాలో బల్ల మీద కూర్చోమన్నాడు. ఉన్నది ఒకే బల్ల. చింతచిగురు తెచ్చినప్పటి నుంచి అలవాటయిన కొసన నిర్మల కూర్చుంది. ఈరన్న నిలబడ్డాడు. ఆయన రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చి బల్ల మీద పక్కపక్కనే పెట్టి, "కూర్చో అప్పా, చల్లారిపోతాది" అని లోపలికి పోయాడు.

ఊళ్లో ఈరన్న ఇంట్లో నిర్మలకు నీళ్లిచ్చే చెంబు వేరు. అది వాకిట్లో గూట్లో బోర్లించి ఉండేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నిర్మల తన గ్లాసు తీసుకుని వీధి వైపు తిరిగి తాగసాగింది, అతను ఏం చేస్తాడో చూడకూడదని. కాసేపటికి బల్ల అవతలి కొస కిర్రుమంది. ఈరన్న కూర్చున్నాడు. ఇద్దరూ కాఫీ తాగారు.

ఈరన్న మళ్లీ మందు కొట్టలేదనడం అబద్ధమవుతుంది. చెనిక్కాయకు, ఇతర పైర్లకు కొట్టేవాడు. సంచుల కోసం పెట్టిన ఎకరన్నర మాత్రం వేరుగా ఉంచి వేపగింజల నీళ్లతో సరిపెట్టాడు. ఊళ్లో వాకిట్లోని ఆ చెంబు కూడా ఒక్కరోజులో పోలేదు. ఇంకా కొన్నేండ్లు అది ఆ గూట్లోనే ఉంది. అతని పెండ్లాం ఒకసారి అలవాటుగా అందులో నీళ్లు తెచ్చినప్పుడు నిర్మల, "దప్పిక లేదక్కా" అని లేచి వచ్చేసింది. ఇంకోసారి తెచ్చినప్పుడూ అదే మాట చెప్పింది. ఆ తర్వాత నీళ్లు ఇంటిలోపలి గ్లాసులో వచ్చాయి.

రెండువేల అయిదులో వానలు దంచికొట్టాయి. బుక్కపట్నం చెరువు నిండిందని, జనం చూడటానికి పోతున్నారని కబురొచ్చింది. నిర్మల బావిలో నీళ్లు పై మెట్టు దాకా వచ్చాయి. ఆ చలికాలంలో మాధవీలత ఒక కోరిక కోరింది. ఇన్నేండ్లుగా తింటున్నాం, ఆ చేను ఎట్లుంటుందో ఒకసారి చూడాలని. ఆదివారం నిర్మలకు చర్చి ఉంటుంది గనక రెండో శనివారం పెట్టుకున్నారు. పన్నెండిండ్ల వాళ్లు పిల్లాజెల్లాతో ప్యాసింజరు దిగి, ఆటోల్లో ఊరికి వచ్చారు. పిల్లలు ముందు పరుగెత్తింది బావి దగ్గరికి. వాళ్లను పట్టుకోవడమే ఏసుదాసుకు ఆ రోజంతా పని అయింది.

ఆదెమ్మ పెద్ద కుండతో సంగటి కెలికింది. అనపకాయలు ముందు రోజే ఒలిచి, నానబెట్టి, ఊళ్లో ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని పితికారు. ఈరన్న ఇంటినుంచి పెరుగు కుండ, అరటాకులు వచ్చాయి. గోడ నీడన వరసగా ఆకులు పరిచారు. సంచి మెట్టు మీద పెట్టించుకునే ఇంటామె కూడా వచ్చింది. కూర్చుందామా వద్దా అని కాసేపు తటపటాయించి, తన కూతురు అప్పటికే కూర్చుని రెండో ముద్ద అడుగుతుంటే తనూ కూర్చుంది. గంగాధరప్ప పితికిపప్పు మూడుసార్లు వేయించుకుని, ఉప్పు తక్కువైందని ఆదెమ్మకు చెప్పాడు. ఆమెకు చెవులు సరిగా వినపడక బాగుందన్నాడనుకుని ఇంకో గరిటె వేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఏసుదాసుకు ధర్మవరం బదిలీ అయింది. నిర్మల ఊరు వదల్లేదు. ఆదివారాలకు అతనే వచ్చేవాడు. అయితే అక్కడి రైల్వే క్వార్టర్సులో ఎవరి ఇంట్లో ఏం వండుకుంటున్నారో కనుక్కుని వచ్చి చెప్పడం అతనికి అలవాటయింది. చేను సంగతి పట్టని మనిషి ఒక రోజు ఎనిమిది ఇండ్ల పేర్లు చెప్పి, "శుక్రవారం అయితే వాళ్లకు బాగుంటాదంట" అన్నాడు. నిర్మల ఈరన్నతో మాట్లాడింది. అతని ఎకరన్నర రెండెకరాలయింది. ధర్మవరం సంచులు ఏసుదాసే స్టేషనులో దింపించుకుని ఇంటింటికీ ఇచ్చేవాడు.

మాధవీలత రిటైరయింది. సాయంత్రం రైళ్లలో ఇప్పుడు వేరే టీచర్లు పోతున్నారు. నిర్మల మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టాక హిందూపురంలో ఆటో మాట్లాడుకుంది. సంచులన్నీ వెనక పేర్చి, తను ముందు డ్రైవరు పక్కన కూర్చుంటుంది. వీధి మొదట్లో ఆటో ఆగిన చప్పుడు వింటే గేట్లు తెరుచుకుంటాయి. ఈ వారం మెంతాకు బాగా వచ్చిందని, బీరకాయ ఇంకా రెండు వారాలేనని చెబుతూ ఆమె ఒక్కొక్క సంచీ అందిస్తుంది.